సోమవారపు జ్వరం

ఇసుక చిటపటలాడడం మానేసింది. అయినా శాంతమ్మ మూకుడు దించలేదు. మూసీ నుంచి తెప్పించి రెండుసార్లు జల్లెడ పట్టిన సన్నని ఇసుక అది. గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పి, స్టీలు గ్లాసొకటి దాని మీద బోర్లించింది. కాసేపు ఆగి కొంగుతో పట్టుకుని తీసి, లోపల వేలు పెట్టి రుద్ది చూసింది. చెమ్మ తగల్లేదు. నమ్మకం కుదరక మళ్ళీ బోర్లించింది.

పైపును వంచాలంటే ముందు దాని కడుపు నిండా ఇసుక కూరాలి. లేకపోతే ఎర్రగా కాల్చి వంచినప్పుడు మలుపు దగ్గర నొక్కుకుపోయి, పొగ పోయే దారి సగానికి సగం మూసుకుపోతుంది. ఇసుక పోసి, కర్రతో దంచి, రెండు కొసల్లోనూ చెక్క బిరడాలు దిగ్గొట్టాక అప్పుడు మంట పెడతారు. ఆ ఇసుకలో కాస్త తడి ఉన్నా లోపల ఆవిరి పుట్టి, బిరడా తుపాకీ గుండులా ఎగిరిపోతుంది. ఆ షెడ్డులో ఇన్నేళ్ళలో అలా ఒక్కసారీ ఎగరలేదు. ఇన్నేళ్ళుగా ఎగరలేదు కాబట్టి ఇవాళ ఎగురుతుందని శాంతమ్మ భయం.

సూర్యాపేటలో కోదాడ వైపు పోయే రోడ్డు వారగా ఉంది ఆ రేకుల షెడ్డు. ముందు భాగంలో పని, వెనక గదిలో కాపురం. ఎదురుగా విజయవాడ లారీలు పోతుంటే రేకులు వణుకుతాయి. ఏదో ఒక లారీ అదుపు తప్పి తిన్నగా పొయ్యిలోకి వస్తుందని ఆమెకు భయం. పైపుల్లో తేళ్ళుంటాయని ప్రతి పైపునూ నేలకేసి తట్టి, ఒక కన్ను మూసి లోపలికి చూస్తుంది. చూసేటప్పుడు కన్ను మీదే కుడితే ఎలా అని ఇంకో భయం. "నీకు భయపడనీకి ఇగ కొత్తయి లేవమ్మా, ఉన్నయన్నీ ఒడిసినయి" అని కొడుకు ఏలియా నవ్వుతాడు.

ఆ షెడ్డులో చేసేది ఒకటే పని. కారు ఇంజనులో కాలిన పొగ బయటికొచ్చే చోట పోత ఇనుప ముక్క ఒకటి ఉంటుంది. పాతబడి అది పగిలిపోతే, దాని స్థానంలో పైపులు వంచి అతికి కొత్త దారి కడతారు. దానియేలు మేస్త్రీ పైపులు వేస్తే ముసలి బండి కూడా బరువు లాగుతుందని మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ టాక్సీల వాళ్ళలో పేరు. ఆ దానియేలు ఇప్పుడు షెడ్డు గుమ్మం పక్కన నులక మంచం మీద, వీపు వెనక బియ్యం బస్తా గోనెలు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. ఛాతీ పిట్టగూడులా లోపలికి పోయింది. మెడ నరాలు ప్రతి ఊపిరికీ తాడులా బిగుస్తున్నాయి. ఆ ఏడు, తొంభై మూడులో, అతనికి యాభై నిండలేదు. దారిన పోయేవాళ్ళు అతన్ని శాంతమ్మ తండ్రి అనుకుంటారు. చెవులు మాత్రం కుర్రవాడివి.

పొద్దు కాస్త పైకెక్కాక గోప్యా మిర్యాలగూడ బస్సు దిగి వచ్చాడు. దామరచర్ల పక్క తండా మనిషి. మిర్యాలగూడ నుంచి కోదాడకు మనుషుల్ని తోలే అంబాసిడరు అతనిది. ఎందరెక్కారని లెక్క చూడడు, తలుపు పడితే చాలు. ఆ బరువుకే ఇనుప ముక్క పగిలి, బండి నిన్నటి నుంచి షెడ్డులో నోరు తెరుచుకుని నిలబడి ఉంది. గోప్యా భుజం మీద గోనెలో చుట్టిన పైపుల కట్ట.

"బస్సు మీద ఎక్కియ్యనీకి కండక్టరు తోని పెద్ద లొల్లి అక్కా. పైపులకు టికెటంట. కూసుండేదానికియ్యాల్నా, నిలవడేదానికియ్యాల్నా అనడిగిన" అంటూ కట్టను కింద పడేశాడు.

మంచం మీద దానియేలు కళ్ళు తెరవకుండానే అడిగాడు. "గోప్యా, ఏం పైపురా అది?"

గోప్యా శాంతమ్మ వైపు చూశాడు. ఆమె ఇసుకను అవసరం లేకపోయినా గట్టిగా తిప్పింది.

"పైపే అన్నా."

"పైపని నాకెరికే. తెల్లపైపు కిందవడితే గంట కొట్టినట్టు మోగుతది. ఇది బండ వడ్డట్టు వడ్డది."

"మిల్లు బాయిలర్ల పాత పైపులన్నా. మస్తు గట్టియి. నాకు... నాకు గివే గావాలె."

"ఎవడు సెప్పిండు నీకు?"

"ఎవలు సెప్తరు? నాకే మనసైంది."

"పైపు మీద మనసైందా? ఇంకేం, పెండ్లి జేస్కో."

నవ్వబోయి దానియేలు దగ్గులో పడ్డాడు. ఆ దగ్గు ఆగేదాకా షెడ్డులో ఎవరూ కదల్లేదు. తర్వాత మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ చెప్పాడు.

"ఇను. బాయిలరు పైపు మందం. మందముంటె పగలదు, నిజమే. గని బరువు. ఇంజను మొకానికి ఏలాడి, ఊగి ఊగి బోల్టులు పీకేస్తది. ఇంకోటి, నల్లది. రెండు వానలకు తుప్పు. మూడో వానకు తూటు. తూటు యాడ పడతది? ముందు సీట్ల కూసున్నోళ్ళ కాళ్ళ కింద. వానకు అద్దాలెక్కిచ్చుకుంటె పొగ లోపల్నే తిరుగుతది. ఎవలికీ తెలవది. తల్లి ఒళ్ళె పండుకున్న పిల్ల పండుకున్నట్టె ఉంటది."

ఆ చివరి మాట మొదట దానియేలుది కాదు. ఎన్నడో శాంతమ్మ అన్నది.

పెళ్ళైన కొత్తలో దానియేలు నల్లపైపుతోనే చేసేవాడు. సాగర్ కాలువ పనుల్లో గ్యాసు మంట పట్టడం నేర్చుకుని వచ్చి ఈ షెడ్డు వేశాడు. ఏలియా ఒళ్ళో పిల్లవాడుగా ఉన్న వానాకాలంలో, ఎక్కడో ఎవరి కారులోనో పొగ నిండి ఒక పసిపిల్ల నిద్రలోనే పోయిందని శాంతమ్మ అంగట్లో విన్నది. ఏ ఊరో తెలియదు, ఏ కారో తెలియదు. ఆ రోజు నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. "మనం చేసిన పైపు గాదు గదనే" అన్నాడు దానియేలు. "మనది గాదని నీకెట్ల ఎరిక?" అంది. తిండి మానేసింది. తుప్పు పట్టని పైపు దొరికేదాకా ఆ పనే వద్దంది. చివరికి బోరుబావులకు దించే, తుప్పు రాకుండా జస్తా, అంటే జింకు, పూత పూసిన నీళ్ళ పైపు తెచ్చాడు. దాన్నే వాళ్ళు తెల్లపైపు అంటారు. ఇంజనుకు దగ్గరగా మూరెడు మేర ఆ పూత కాలి పసుపు తిరుగుతుంది. సీట్ల కింద సాగేది మాత్రం ఎన్ని వానలు తడిసినా తెల్లగానే ఉంటుంది. దానియేలుకు పేరు తెచ్చింది ఆ తెల్లపైపే.

దానితోనే పొగా వచ్చింది. అతుకు పెడుతుంటే జస్తా కాలి తెల్లటి పొగ లేచేది. బూరుగుదూది పింజల్లా షెడ్డంతా తేలి, జుట్టు మీద, కనుబొమల మీద వాలేది. సాయంత్రానికి దానియేలుకు నోరు తియ్యగా అయ్యేది. చాయ తాగినా, నీళ్ళు తాగినా అదే తీపి. శాంతమ్మ పాలల్లో బెల్లం వేసి తాగించేది. పాలు పొగను కడిగేస్తాయని వెల్డింగు చేసేవాళ్ళ ఇళ్ళల్లో అందరూ అనేవారు. అందరూ అనేదే ఆమె చేసింది.

ఆ తర్వాత జ్వరం మొదలైంది. వస్తే సోమవారమే. పగలంతా బాగానే పని చేసేవాడు, దీపాలు పెట్టే వేళకు వణుకు. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడేవి. తెల్లారేసరికి ఏమీ లేనట్టు లేచి కూర్చునేవాడు. శాంతమ్మ మొదట చర్చిలో ఎవరి దిష్టో తగిలిందనుకుంది. చర్చి మెట్ల మీది నీడ చల్లదనం అనుకుంది. చూసి చూసి కనిపెట్టింది: ఆదివారం పని మాని ఇంట్లో ఉంటేనే సోమవారం జ్వరం. ఒకసారి కోదాడ వాళ్ళ బండి ఆగిపోయిందని ఆదివారం కూడా పని చేశాడు. ఆ సోమవారం ఒళ్ళు చల్లగా ఉంది. ఇంకో ఆదివారం చేయించి చూసింది. జ్వరం లేదు.

ఇక అంతే. ఆదివారాలు పోయాయి. ఒళ్ళు ఊరికే ఉంటే జ్వరానికి సందు దొరుకుతుందని, సందు దొరక్కుండా చూసింది. పాస్టరుగారు అడిగితే "దేవునికి అన్ని ఎరికే అయ్యగారూ" అని తల దించుకుంది. బండ్లు లేని ఆదివారం కూడా పనికిరాని ముక్కలు రెండు ముందర పెట్టి "ఊకె అతుకయ్యా" అనేది. దానియేలు నవ్వుకుంటూ అతికేవాడు. మళ్ళీ ఎన్నడూ సోమవారం వణకలేదు. తమకు తెలిసిన వెల్డింగు మేస్త్రీల ఇళ్ళకు పోయి, వాళ్ళ ఆడవాళ్ళకు కూడా ఈ కిటుకు చెప్పి వచ్చింది.

పోయిన చలికాలం, దానియేలు నాలుగడుగులు వేస్తే కూలబడుతుంటే, పట్నంలో ఛాతీ దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఏలియా కంటే రెండేళ్ళు పెద్దదేమో. అతన్ని బయట కూర్చోబెట్టి ఈమెను అడిగింది, మొదట్లో జ్వరాలు వచ్చేవా అని. శాంతమ్మ సోమవారాల సంగతి చెప్పింది. తన కిటుకు కూడా కాస్త గర్వంగానే చెప్పింది. డాక్టరమ్మ రాయడం ఆపింది.

"రోజూ ఆ పొగ పీలిస్తే ఒళ్ళు ఊరుకుంటుందమ్మా. ఒక్కరోజు పొగ తగలకపోతే మళ్ళీ తెలివి వస్తుంది. మర్నాడు తగలగానే తిరగబడుతుంది. ఆ తిరగబడడమే జ్వరం. ఆ పొగ వద్దని ఒళ్ళు చెప్పడం అన్నమాట. మీరు దాన్ని మాన్పించారు." ఆ మాట అన్నాక, ఎదుటి మొహం చూసి, "ఇన్నేళ్ళ పొగ, ఇన్నేళ్ళ పని. ఏదో ఒకటే కారణమని చెప్పలేం" అని మెత్తగా అంది. శాంతమ్మకు ఆ రెండో మాట చెవికెక్కలేదు. బయటికొస్తే దానియేలు "ఏమన్నది?" అని అడిగాడు. "పాలు తాగమన్నది" అని చెప్పింది.

ఇప్పుడు పని ఏలియా చేతికొచ్చింది. దానియేలు మంచం పట్టాక ఆదివారాలు ఆయన్ని చూసుకోవడానికి ఏలియా పని మానేశాడు. వేసవి నుంచి వరసగా సోమవారాలు ఏలియా వణుకుతున్నాడు.

తెల్లపైపు మానిపించాలి. ఎందుకో చెప్పకుండా మానిపించాలి. ఎందుకో చెప్తే మాట దాగే గోడ ఒక్కటీ లేని ఆ రేకుల కొంపలో దానియేలు వింటాడు. బతికినన్నాళ్ళు తన పేరు నిలబెట్టిందనుకున్నది తన ఊపిరి తీసిందని, దానికి తోడు పెళ్ళాం ఆదివారాలు కూడా లాక్కుందని, పోయే ముందు ఆయనకు తెలియాలా? అందుకే నిన్న గోప్యాను బస్సు దాకా సాగనంపే వంకతో నడిచి, మిల్లు పైపులు తెమ్మని చెప్పింది. నేను చెప్పినట్టు మేస్త్రీకి తెలియొద్దని ఒట్టు వేయించుకుంది.

"సరే తియ్యి. నీ బండి, నీ ఇష్టం" అన్నాడు దానియేలు చివరికి. "తూటు వడ్డంక నా పేరు సెప్పకు."

గోప్యా "ఎందుకు సెప్తన్నా, కండక్టరు పేరు సెప్త" అన్నాడు.

ఏలియా పైపులు తట్టి, లోపలి పొక్కులు రాలగొట్టాడు. ఇసుక పోశారు. శాంతమ్మ కర్రతో దంచింది, పైపును తిప్పుతూ, చప్పుడు గట్టిపడేదాకా. ఏలియా మంట అంటించాడు. మందపు పైపు, తెల్లదానికంటే రెండింతలు కాలాల్సి వచ్చింది. మెల్లగా నల్లది ఎర్రబడి, ఎరుపు నారింజకు తిరిగాక, ఆమె ఈ కొసను తడి గోనెతో పట్టుకుంది, అతను ఆ కొసను పట్టి గుంజాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, లోపల ప్రార్థన చేసుకుంటూనే పట్టు మాత్రం వదల్లేదు. ఇరవై ఏళ్ళుగా ఆమె పైపు పట్టుకునే తీరు అదే.

"ఎంత వొంపు పెట్టినవ్?" మంచం మీంచి ప్రశ్న.

"అరచెయ్యి వొంచినంత నాయినా."

"ఇంకింత మెల్లగ తిప్పు మలుపు. గట్టి మలుపైతే జాగ కలిసొస్తది, గని పొగ మొకం పగలగొట్టుకుంటది. జాగ కోసం పొగను సంపకు."

ఆ ఇంజనుకు నాలుగు సిలిండర్లు ఉన్నా పొగ వచ్చే నోళ్ళు మూడే. మధ్యలో రెండింటికీ కలిపి ఒకటే నోరు. కొసల పైపులు రెండింటినీ తొందరగా కలిపేసి, మధ్య పైపును ఒంటరిగా చాలా దూరం పోనిచ్చి ఆ తర్వాత కలపాలని దానియేలు ఎన్నో బండ్లు పాడుచేసి, ఎన్నో బాగుచేసి నేర్చుకున్నాడు. మధ్యదాన్ని పొడుగు చేస్తే బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగుతుంది. ఖాళీ రోడ్డు మీద వేగం కొంచెం చస్తుంది. పొట్టి చేస్తే వేగం ఉంటుంది, మంది ఎక్కితే మూలుగుతుంది. పొడుగు పైపు పైకి కడితే ముందు సీటు ఎడమ పక్కన కూర్చున్న ఆడవాళ్ళ కాళ్ళు కాలుతాయి. కిందికి దించితే స్పీడు బ్రేకరుకు తగులుతుంది. పైనున్న కార్బొరేటరుకు సెగ తగిలితే ఎండాకాలంలో పెట్రోలు దారిలోనే మరిగిపోతుంది, అందుకు మధ్యలో రేకు అడ్డం పెట్టాలి. రేకు పెడితే బోల్టుకు పానా దూరదు.

"గోప్యా, నీకు యాడ నష్టం గావాలె? సెప్పు" అన్నాడు దానియేలు.

"నష్టం ఎందుకన్నా?"

"నష్టం లేకుంట పైపుండది. యాడ పెట్టాల్నో నువ్వు సెప్పు, గాడ పెడత."

గోప్యా ఆలోచించి, "వేగం పోనియ్యి. ఏగిరంగ పోయి ఏం జేస్త, ఎట్లైన కోదాడల చాయ తాగుడే. కాళ్ళు కాలొద్దు. మొన్న నేరేడుచర్లల దిగిన ముసలామె నన్ను కర్రతోని కొట్టింది" అన్నాడు.

మధ్య పైపును పొడుగే చేశారు. పాదాల కింద కాకుండా స్పీడు బ్రేకరుకు తగలనంత మేరకే కిందికి దించి, బరువు ఇంజను మీద పడకుండా ఇనుప పట్టీ ఒకటి చట్రానికి కట్టారు.

అతుకులు పెట్టేటప్పుడు ఏలియా గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మా, నువ్వే తెమ్మన్నవ్ గద ఇవి?"

"పని సూడు."

"తెల్లదైతే ఈ పాటికి ఒడుసు."

"పని సూడు బిడ్డా."

కొంచెం ఆగి, ఏదో గుర్తుకొచ్చినట్టు పెదాలు నాక్కుని, "ఇయ్యాల నోరు తియ్యగ అయితలేదే" అన్నాడు. నల్లపైపు అతుకు దగ్గర సన్నగా నీలం పొగ లేచి రేకుల సందులోంచి పోయింది. దూది పింజలు ఎక్కడా లేవు. ఎన్నో నెలల తర్వాత ఆమె కొడుకు పక్కన నిలబడి కడుపు నిండా ఊపిరి తీసుకుంది, తీసుకుని, తీసుకున్నందుకు మంచం వైపు చూడలేకపోయింది.

మధ్యాహ్నం జావ తాగించడానికి పోతే దానియేలు గ్లాసు పక్కకు తోసి కొడుకును పిలిచాడు. ఏలియా చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"రేపు ఐతారం" అన్నాడు దానియేలు.

"అవు నాయినా."

"నా కాడ కూసోకు. నాకేమైతది, ఉన్నకాడ్నే ఉంట. ఏదన్నొక పని పెట్టుకో. పని లేకుంటె పనికిరాని ముక్కలు ముందర పెట్టుకోని అతుకు." ఊపిరి కోసం ఆగాడు. "ఐతారం ఊకె కూసున్నోనికి సోమారం జరం వస్తది. నాకు మస్తు వచ్చేది. డాక్టర్లకు తెలవలే. మీ అమ్మ కనిపెట్టింది. మీ అమ్మ తెలివి లేకుంటె నేను ఎన్నడో మంచం వడ్తుంటి." తల తిప్పి భార్యను చూశాడు. గుంటలు పడ్డ ఆ కళ్ళలో ఎగతాళి లేదు. "భయపడుతది గని, మీ అమ్మ మాట పోదు బిడ్డా."

శాంతమ్మకు మాట నోటిదాకా వచ్చింది. కాదయ్యా అనాలి. ఆ ఐతారాలు నేనే తిన్న అనాలి. ఏలియా "గట్లనే నాయినా" అంటున్నాడు. మాట ఇస్తున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే రేపు ఆ మాట నిలబెడతాడు. చెప్తే దానియేలు మొహంలో ఆ కాస్త వెలుగు ఎట్లా అయిపోతుందో ఆమెకు తెలుసు.

"జావ సల్లగైతుంది, తాగు" అంది.

అతను రెండు గుక్కలు తాగి చాలన్నాడు.

పొద్దు వాలే వేళకు పైపులు బండికెక్కాయి. గోప్యా తాళం తిప్పాడు. ఇంజను ఒకటి రెండుసార్లు ఉమ్మి, అందుకుంది. దానియేలు చెయ్యెత్తాడు, అందరూ నోరు మూయమని. విన్నాడు. "ముందటి బోల్టు. ఎంట్రుకంత సందు ఉన్నది" అన్నాడు. ఏలియా పానా పెట్టి బిగించాడు. ఉస్సుమనే చప్పుడు పోయి, లోతుగా, నిండుగా మోత వినిపించింది. గోప్యా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని పిల్లవాడిలా నవ్వాడు.

"మంచిగున్నది" అన్నాడు దానియేలు. "నల్లదైనా మంచిగున్నది. పోయి రాండ్రి."

పైపు కట్టినవాడు బండి ఎక్కి రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి రావడం ఆ షెడ్డు ఆనవాయితీ. శాంతమ్మ కారు కిటికీ పట్టుకుంది. "మునగాల దాకా పోవద్దు. మలుపుకాడికెల్లి తిరగుండ్రి. లారీని దాటొద్దు గోప్యా, నీ పిల్లల మీద ఒట్టు. బ్రేకు సూసినవా?" గోప్యా "అక్కా, నువ్వు కిటికీ ఇడిస్తె పోత" అన్నాడు.

కారు కోదాడ వైపు పోయింది. శాంతమ్మ రోడ్డు అంచున నిలబడిపోయింది. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. లారీలు వచ్చాయి, పోయాయి. ఎర్ర బస్సు వచ్చింది, అంబాసిడరు కాదు. మలుపు దగ్గర దుమ్ము లేస్తే ఒక అడుగు రోడ్డు మీదికి వేసింది. బోల్టు ఊడిందేమో, పైపు వేలాడి నేలకు రాసుకుని నిప్పు లేచిందేమో, పెట్రోలు... ఆమె ప్రాణమంతా ఆ రోడ్డు మీదే ఉంది. వెనక్కి ఒక్కసారీ తిరగలేదు. చివరికి చీకటి ముసురుతుండగా, ముందు దీపాలు వేసుకుని, నిండు మోతతో, అంబాసిడరు క్షేమంగా వస్తూ కనిపించింది. ముందు సీట్లోంచి ఏలియా చెయ్యి ఊపుతున్నాడు.

"వస్తున్రయ్యా! మంచిగ వస్తున్రు!" అంటూ నవ్వుతూ వెనక్కి తిరిగింది.

దానియేలు గోనెల మీద ఆనుకుని అలాగే ఉన్నాడు. తల కొంచెం రోడ్డు వైపు ఒరిగి ఉంది, చెవి అటు పెట్టి వింటున్నట్టే. మెడ నరాలు మాత్రం బిగియడం లేదు. చూసి చూసి, ఆమె దగ్గరకు పోయింది.

మర్నాడు ఆదివారం, ప్రార్థన అయ్యాక చర్చి వాళ్ళంతా వచ్చి దానియేలును సమాధుల తోటలో పెట్టి వచ్చారు. గోప్యా తన అంబాసిడరులోనే తీసుకుపోయాడు, ఆ పైపుల మోతతోనే. ఆ ఆదివారం షెడ్డులో పని జరగలేదు. సోమవారం కూడా జరగలేదు. ఏలియాకు జ్వరం రాలేదు.

సమాధి మీద మన్ను కుదురుకున్నాక ఒకరోజు పొద్దున శాంతమ్మ వెనక గదిలోంచి వస్తుంటే, ఏలియా తెల్లపైపును రెండు ముక్కలు కోసి నేల మీద అడ్డంగా పెట్టి, గ్యాసు మంట అంటించి ఉన్నాడు.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"నాయినకు శిలువ. తుప్పు పట్టకుండ ఉంటదని తెల్లదాంతోని."

"కాల్చకు."

"కాల్చకుంటె ఎట్లతుకుతదమ్మా?"

"కాల్చకంటున్న."

అప్పుడు చెప్పింది. నేల మీద చూపు పెట్టి, మంట బుస్సుమంటుంటే దాని మీదుగా, డాక్టరమ్మ మాట చెప్పింది, సోమవారాలు చెప్పింది, తాను కనిపెట్టిన కిటుకు చెప్పింది. ఎన్ని ఆదివారాలో ఆమెకే తెలియదు, అందుకని "అన్ని ఐతారాలు" అంది. ఏలియా మంట ఆర్పాడు.

పైపు ముక్కలు పక్కకు జరిపి అడిగాడు. "నాయినకు ఎరికేనా?"

"సెప్పలే."

"ఆ దినం, నాతోని గా మాటన్నప్పుడు గూడ..."

"నోటిదాక వచ్చింది బిడ్డా."

ఏలియా మంచిగ చేసినవనీ అనలేదు, ఎందుకు చేసినవనీ అనలేదు. గుడ్డకు చేతులు తుడుచుకుని, సైకిలు తీసుకుని, బోరుబావుల పని చేసే సైదయ్య దగ్గరికి పోయాడు. పైపుకు మరలు కోసే పనిముట్టు, నాలుగు నోళ్ళ జాయింటు ఒకటి అడిగి తెచ్చాడు. రెండు ముక్కలనూ కోసి నాలుగు చేశాడు. శాంతమ్మ ఒక కొస పట్టుకుంది, అతను తిప్పాడు. చుట్టు చుట్టుకూ వెండి తీగల్లాంటి పొట్టు నేల మీద రాలింది. పొగ లేదు, మంట లేదు. నాలుగు ముక్కలూ మరల మీద బిగిసి శిలువ అయింది.

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చి గట్టిగా పడ్డాయి. సమాధుల తోటలో ఇనుప శిలువలు ఎర్రబారి పొరలు పొరలుగా రాలుతుంటే, దానియేలు తలాపున ఉన్న తెల్లపైపు మాత్రం ఎక్కడా చిన్న మచ్చయినా లేకుండా, నీళ్ళు కారుతూ, అలాగే నిలబడి ఉంది.